ఏరేటర్ల షాపును ప్రైవేట్ లిమిటెడ్ చేయాలి: ప్రోనోటు డబ్బు కంపెనీలోకి తేవచ్చా?

కావలి చెరువుగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్తే. కావలిలో రొయ్యల చెరువుల నీటికి గాలి అందించే ఏరేటర్ల రిపేరు, విడిభాగాల అమ్మకం నా పని. గేర్‌బాక్సులు, ఫ్లోట్లు, మోటారు వైండింగ్ అన్నీ చూస్తాం. ఇప్పుడు నా ఒక్కడి పేరు మీద ప్రొప్రైటర్‌షిప్, జీఎస్టీ ఉంది. అల్లూరు, విడవలూరు వైపు రైతులు పంటకాలం మొత్తానికి ఏరేటర్లు అద్దెకు అడుగుతున్నారు. దానికి పెట్టుబడి కావాలి కాబట్టి ముగ్గురం కలిసి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాలనుకుంటున్నాం.

మూలధనం 15 లక్షలు. నాది 40 శాతం, మా బావమరిదిది 30, బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేసే ఫ్రెండుది 30. ఇది కాక ఇంకో 12 లక్షలు అప్పు దొరుకుతోంది. మామగారు 4 లక్షలు, మా పిన్ని కొడుకు 3, ఊళ్ళో తెలిసినవాళ్ళు ఇద్దరు కలిపి 5. నూటికి రూపాయిన్నర వడ్డీ, కంపెనీ పేరుతో ప్రోనోటు రాసిమ్మంటున్నారు.

అడగాల్సినవి ఇవీ. ఒకటి, ఈ ప్రోనోటు డబ్బు సరేనా? రెండు, వాటాలు ఇట్లా పెట్టుకుంటే ముందుముందు గొడవలొస్తాయా? మూడు, పాత షాపులోని సరుకు, లేత్ మిషను కంపెనీలోకి ఎట్లా తేవాలి? రిజిస్టర్డ్ ఆఫీసు మా అమ్మ పేరు మీదున్న ఇల్లే.

ఒంగోలు పద్దులు:

మొదటి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది, దాన్ని తేల్చకుండా మిగతావాటిలోకి పోవద్దన్నా.

ప్రైవేట్ కంపెనీ బయటివాళ్ళ దగ్గర తీసుకునే అప్పు, కంపెనీల చట్టం 2013 సెక్షన్ 73 కింద చాలావరకు ‘డిపాజిట్’ అవుతుంది. ప్రోనోటు రాసినా, స్టాంపు అంటించినా, వడ్డీ నెలనెలా తప్పకుండా కట్టినా దాని స్వభావం మారదు. మన జిల్లాల్లో చేబదులు, ప్రోనోటు అనేవి మంచినీళ్ళంత మామూలు కాబట్టి ఇందులో తప్పేముందని అనిపిస్తుంది. మనిషి పేరు మీద రాసినంతకాలం తప్పు లేదు. ప్రోనోటు కింద కంపెనీ ముద్ర పడిన రోజు నుంచి లెక్క వేరు. సెక్షన్ 76ఏ ప్రకారం కంపెనీకి కనీస జరిమానా కోటి రూపాయలు లేదా తీసుకున్న సొమ్ముకు రెట్టింపు, ఏది తక్కువైతే అది. బాధ్యుడైన డైరెక్టరుకు ఏడేళ్ళ దాకా జైలు, కనీసం 25 లక్షల జరిమానా.

ఎవరి డబ్బు డిపాజిట్ కాదో చూడండి. బ్యాంకు అప్పు కాదు. డైరెక్టరు ఇచ్చే అప్పు కాదు. ప్రైవేట్ కంపెనీ అయితే డైరెక్టరు ‘బంధువు’ ఇచ్చేదీ కాదు. కానీ ఇక్కడ బంధువు అంటే మన పెళ్ళి పత్రికలో అచ్చువేసే బంధువులు కాదు. చట్టం లెక్కపెట్టినవాళ్ళు ఇంతే: భార్య లేదా భర్త, అవిభక్త కుటుంబంలో సభ్యులు, తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మామగారు లేరు. బావమరిది లేడు. బాబాయి, మేనమామ, పిన్ని కొడుకు ఎవ్వరూ లేరు.

ఇప్పుడు మీ 12 లక్షలు ఈ జల్లెడలో పోసి చూద్దాం. మామగారు మీకు బంధువు కారు, కానీ మీ బావమరిదికి తండ్రి. బావమరిది డైరెక్టరుగా ఉంటే ఆయన తండ్రిగా ఆ 4 లక్షలు తీసుకోవచ్చు. పిన్ని కొడుకు 3 లక్షలు, ఊళ్ళోవాళ్ళ 5 లక్షలు కంపెనీ తీసుకోకూడదు.

మామగారి డబ్బుకూ ఒక షరతుంది. డబ్బు ఇచ్చేటప్పుడే ‘ఈ సొమ్ము నేను ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చి, లేదా డిపాజిట్ తీసుకుని ఇస్తున్నది కాదు’ అని రాతపూర్వకంగా ప్రకటన ఇవ్వాలి. డైరెక్టరుగా మీరిచ్చే అప్పుకూ ఇదే ప్రకటన. అందుకే ఊళ్ళోవాళ్ళ దగ్గర మీ పేరు మీద ప్రోనోటు రాసి తెచ్చి, దాన్ని మళ్ళీ కంపెనీకి అప్పుగా ఇస్తామంటే కుదరదు. ఆ ప్రకటన అబద్ధమవుతుంది. అదే సొమ్ముతో మీరు కంపెనీ షేర్లు కొంటే ఈ నిబంధన అడ్డు రాదు. అయితే ఆ ప్రోనోటు పూర్తిగా మీ సొంత బాకీ, కంపెనీ మునిగినా మీరే తీర్చాలి.

డబ్బు ఏదైనా బ్యాంకు ద్వారానే రావాలి. 20,000 రూపాయలు, ఆపైన అప్పు నోట్లతో తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ వేసే అధికారం ఆదాయపు పన్ను శాఖకు ఉంది, తిరిగి తీర్చేటప్పుడూ అదే నియమం. డైరెక్టర్లు, వాళ్ళ బంధువుల అప్పులు డిపాజిట్ కాకపోయినా ఏటా జూన్ 30 లోపు డీపీటీ-3 ఫారంలో చూపాలి. ‘మాకు డిపాజిట్లే లేవు కదా’ అని ఈ ఫారం వదిలేసేవాళ్ళే ఎక్కువ.

ఇంకోటి, ఇది మీ వ్యాపారానికే ప్రత్యేకం. రొయ్య పట్టుబడి అయ్యాక రైతు పంటకాలం బాకీ అంతా ఒకేసారి నోట్లకట్టలతో ఇస్తాడు. ఒకే మనిషి దగ్గర ఒకే రోజున గానీ, ఒకే లావాదేవీ కింద గానీ 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ. పంటకాలం అద్దెకు ఒకే బిల్లు కొట్టి నాలుగు రోజులు విడగొట్టి తీసుకున్నా అది ఒకే లావాదేవీగానే చూస్తారు. అద్దె బిల్లు నెలకొకటి వేయండి, డబ్బు ఖాతాలో వేయమనండి.

నెల్లూరు సీఎస్:

పద్దులు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను వాటాల సంగతి చెప్తాను.

40-30-30 అంటే మీరు పెద్ద వాటాదారు అనుకుంటారు. ఓటు దగ్గరకొచ్చేసరికి మీరు మైనారిటీ. మామూలు తీర్మానానికి సగం దాటిన ఓట్లు చాలు. డైరెక్టరును తీసేయడానికి కూడా సెక్షన్ 169 కింద ప్రత్యేక నోటీసు ఇచ్చి మామూలు తీర్మానమే చాలు. మిగిలిన ఇద్దరూ కలిస్తే 60, మీరు కట్టిన షాపులో మీరు డైరెక్టరుగా ఉండరు. మరోవైపు ప్రత్యేక తీర్మానానికి 75 శాతం కావాలి కాబట్టి ముగ్గురిలో ఎవరు అడ్డం తిరిగినా ఆర్టికల్స్ (కంపెనీ లోపలి నియమావళి) మార్చడం, కంపెనీ పేరు మార్చడం లాంటివి ఆగిపోతాయి. ఇది మంచో చెడో మీ ముగ్గురి నమ్మకాన్ని బట్టి ఉంటుంది. తెలియకుండా సంతకం పెట్టడం మాత్రం ప్రమాదం.

దీనికి మందు ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లోనే ఉంది. ఏజెంట్లు అందరికీ ఒకటే నమూనా ఎక్కిస్తారు. అది తీసుకోవద్దు. కనీసం నాలుగు సంగతులు మీరే కూర్చుని రాయించండి. ఎవరైనా వాటా అమ్ముకోవాలంటే ముందు మిగతా ఇద్దరికీ ఎన్ని రోజుల గడువుతో ఇవ్వాలి. ధర ఎవరు నిర్ణయించాలి, ఏ పద్ధతిలో నిర్ణయించాలి. ఒకరు చనిపోతే వారసులకు షేర్లు పోతాయా, డబ్బు పోతుందా. ఫలానా మొత్తం దాటిన అప్పుకు, ఆస్తి తాకట్టుకు, కొత్త షేర్లకు ముగ్గురి సమ్మతి ఉండాలా. ఇవి పది రూపాయల కాగితం మీద విడిగా ఒప్పందం రాసుకుంటే సరిపోదు. వాటా బదిలీ మీద ఆంక్ష ఆర్టికల్స్‌లో లేకపోతే అది కంపెనీనీ, వాటాదారులనూ కట్టేయదని సుప్రీంకోర్టు రంగరాజ్ కేసులో (1992) చెప్పింది.

బెంగళూరు ఫ్రెండు డైరెక్టరు కానక్కర్లేదు. ఇద్దరు డైరెక్టర్లు చాలు, వాళ్ళలో ఒకరు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులైనా ఇండియాలో ఉండాలి. డైరెక్టరు పేరు ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ) పోర్టల్‌లో ఎవరికైనా కనపడుతుంది. ఉద్యోగమిచ్చిన కంపెనీ నియామక పత్రంలో బయట పదవులు వద్దని ఉంటే ఆయన ఉద్యోగానికి ఇబ్బంది. వాటాదారుగా ఉంటూ, పైన చెప్పిన సమ్మతి నిబంధనతో తన 30 శాతాన్ని కాపాడుకోవచ్చు.

పాత షాపు విషయం. ప్రొప్రైటర్‌షిప్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కంపెనీకి మార్చి మూలధన లాభం పన్ను మినహాయింపు పొందాలంటే, మీకు ఆ కంపెనీలో కనీసం 50 శాతం ఓటు హక్కు ఉండాలి, ఐదేళ్ళు నిలవాలి, బదులుగా షేర్లు తప్ప ఇంకేమీ తీసుకోకూడదు. మీది 40 శాతం, అక్కడే తప్పిపోయింది. కాబట్టి మార్పిడి మాట వదిలేసి సరుకు అమ్మేయండి. ఆయిల్ సీళ్ళు, బేరింగులు, గేర్‌బాక్సులు లెక్కేసి మీ పాత జీఎస్టీ నుంచి కంపెనీ కొత్త జీఎస్టీకి మామూలు పన్ను ఇన్‌వాయిస్ కొట్టండి. మీరు కట్టిన పన్ను కంపెనీకి క్రెడిట్‌గా వస్తుంది. లేత్‌ను మార్కెట్ ధర చూసుకుని విడి ఇన్‌వాయిస్‌తో అమ్మండి. రైతుల పాత బాకీలు మాత్రం కంపెనీలోకి తేవద్దు. అవి మీ పాత ఖాతాలోనే వసూలు చేసుకోండి, రెండూ కలిస్తే ఎవరి ఆదాయమో తేల్చడం ఎవరి వల్లా కాదు.

పొదలకూరు రోడ్డు:

రిజిస్ట్రేషన్‌లో వెనక్కొచ్చే దరఖాస్తులు చాలావరకు పేర్ల దగ్గరే ఆగుతాయి, రెండు రకాలుగా.

ఒకటి మనుషుల పేర్లు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా చివర, డిజిటల్ సంతకంలో ముందర. ముగ్గురివీ పాన్‌లో ఉన్నట్టే అన్నిచోట్లా సరిచేయించాకే డిజిటల్ సంతకం తీసుకోండి. అమ్మగారు ఇల్లు వాడుకోమని ఇచ్చే సమ్మతి పత్రం మీద పేరు, కరెంటు బిల్లు మీద పేరు ఒకటే ఉండాలి. బిల్లు రెండు నెలలకన్నా పాతది పనికిరాదు. బిల్లు ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉండడం మన ఊళ్ళలో మామూలు. అలా ఉంటే ముందు మీటరు పేరు మార్పించండి.

రెండోది కంపెనీ పేరు. ఉన్న కంపెనీ పేరుకి ముందో వెనకో ‘నెల్లూరు’ తగిలిస్తే కొత్త పేరు కాదు. ఖాళీ తీసేసినా, స్పెల్లింగ్‌లో అక్షరం మార్చినా, తెలుగు మాటను ఇంగ్లీషు చేసినా అదే పేరుగా చూస్తారు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో కూడా వెతకండి. స్పైస్ ప్లస్ (కంపెనీ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్ దరఖాస్తు) మొదటి భాగంలో 1,000 ఫీజుతో రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఆమోదం వచ్చాక 20 రోజులు మీకోసం ఆపి ఉంచుతారు. అధీకృత మూలధనం, అంటే కంపెనీ షేర్లు ఇవ్వగల గరిష్ఠ మొత్తం, 15 లక్షల వరకు ఎంసీఏ రిజిస్ట్రేషన్ ఫీజు లేదు, స్టాంపు డ్యూటీ విడిగా ఉంటుంది. మీరు సరిగ్గా 15 లక్షల దగ్గరే ఉన్నారు, అవసరం లేకుండా పెంచవద్దు.

మెమోరాండంలో (కంపెనీ ఏ పనికి పుట్టిందో చెప్పే పత్రం) పని రాసేటప్పుడు ‘అమ్మకం, రిపేరు’ అని ఆపకండి. అద్దెకివ్వడం స్పష్టంగా రాయండి. తర్వాత చేర్చాలంటే ప్రత్యేక తీర్మానం, 30 రోజుల్లో ఆ తీర్మానాన్ని తెలిపే ఎంజీటీ-14 ఫారం.

చీమకుర్తి పలకరాయి:

ఇంత తంటా ఎందుకండీ, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) పెట్టుకోండి. బోర్డు మీటింగులు లేవు, వార్షిక సభ లేదు. మే 30కి ఫారం 11, అక్టోబరు 30కి ఫారం 8, అంతే. టర్నోవర్ 40 లక్షలు గానీ భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు గానీ దాటకపోతే ఆ చట్టం కింద ఆడిట్ కూడా అక్కర్లేదు. కంపెనీల చట్టంలోని డిపాజిట్ సెక్షన్లు దానికి వర్తించవు.

ఒంగోలు పద్దులు:

ఎల్‌ఎల్‌పీ మంచి రూపమే, కాదనను. ఊళ్ళోవాళ్ళ డబ్బు కోసం మాత్రం దాన్ని ఎంచుకోవద్దు. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఎల్‌ఎల్‌పీకీ, మామూలు భాగస్వామ్య సంస్థకీ వర్తిస్తుంది. భాగస్వాముల బంధువుల అప్పులను ఆ చట్టం మినహాయించింది, ఆ బంధువుల జాబితా కూడా కంపెనీల చట్టంలోదే. ఊరందరి దగ్గరా వడ్డీకి తీసుకుంటూ పోతే అక్కడా చిక్కే.

పన్ను సంగతి కూడా చూసుకోండి. కంపెనీ 22 శాతం పద్ధతి ఎంచుకుంటే సర్‌చార్జి, సెస్సు కలిపి 25.17 శాతం. ఎల్‌ఎల్‌పీకి 30 శాతం, సెస్సుతో 31.2. అయితే ఎల్‌ఎల్‌పీ లాభం పంచుకుంటే భాగస్వామి చేతిలో మళ్ళీ పన్ను లేదు, కంపెనీ డివిడెండు పంచితే వాటాదారు మళ్ళీ కట్టాలి. లాభం లోపలే ఉంచి ఏరేటర్లు కొంటూ పోయేవాళ్ళకు కంపెనీ లాభం. ఏటికేడు పంచుకునేవాళ్ళకు ఎల్‌ఎల్‌పీ. మీరు అద్దె ఏరేటర్లు పెంచుతామంటున్నారు కాబట్టి నా ఓటు కంపెనీకే.

రెంటిలో ఏదైనా సరే, బ్యాంకు అప్పు తీసుకునేటప్పుడు మీ సొంత హామీ అడుగుతుంది. సంతకం పెట్టాక ఆ అప్పు వరకు ‘లిమిటెడ్’ అన్న మాట మిమ్మల్ని కాపాడదు. బావమరిది, మీరు ఇద్దరూ పెడతారా, ఒక్కరే పెడతారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి.

కావలి చెరువుగట్టు:

చాలా థాంక్స్ అన్నా. బావమరిది డైరెక్టరు, ఫ్రెండు వాటాదారు మాత్రమే. మామగారి 4 లక్షలు ప్రకటనతో తీసుకుంటాం, ఊళ్ళోవాళ్ళ డబ్బు వద్దంటాం. వాటాలు 50-25-25 చేద్దామని ఫ్రెండు తనే అన్నాడు. సర్టిఫికెట్ వచ్చాక వరసగా ఏమేం చేయాలో చెప్పగలరా? పెట్టడం చవక, తర్వాత నడపడమే ఖరీదు అంటున్నారు.

నెల్లూరు సీఎస్:

50 అయితే ముందు చెప్పిన మార్పిడి మినహాయింపు దారి తెరుచుకుంటుంది, కానీ ఐదేళ్ళు 50 కిందికి దిగకూడదు. ఎవరికైనా కొత్త షేర్లు ఇచ్చే ఆలోచన ఉంటే ఆ దారి పట్టవద్దు. సరిగ్గా 50 అంటే మామూలు తీర్మానం మీరొక్కరే నెగ్గించలేరు, వాళ్ళిద్దరూ కలిసినా నెగ్గించలేరు. ఓట్లు సమానమైతే ఏం చేయాలో ఆర్టికల్స్‌లో తప్పకుండా రాయండి.

సర్టిఫికెట్ తేదీ నుంచి లెక్క. 30 రోజుల్లో మొదటి బోర్డు మీటింగు, అందులోనే మొదటి ఆడిటర్ నియామకం. ఇల్లు అమ్మగారిది కాబట్టి అద్దె ఒప్పందంతో మీకున్న సంబంధాన్ని అదే మీటింగులో వెల్లడించి, మీటింగు నమోదు అయిన మినిట్స్‌లో ఎక్కించండి, అద్దె ఆ వీధిలో నడిచే ధరకే ఉండాలి. మినిట్స్ పుస్తకంలో పేజీలకు వరస నంబరు, ప్రతి పేజీకి అధ్యక్షుడి పొట్టి సంతకం, చివరి పేజీలో పూర్తి సంతకం, తేదీ. టైపు చేసిన కాగితం తెచ్చి పుస్తకంలో అంటించకూడదు. 60 రోజుల్లో షేరు సర్టిఫికెట్లు.

180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ, అంటే వ్యాపారం మొదలుపెట్టే ముందు ఇచ్చే ప్రకటన. చాలామంది జారిపోయేది ఇక్కడే. ముగ్గురూ తమ తమ వాటా సొమ్ము తమ సొంత ఖాతా నుంచి కంపెనీ ఖాతాలో వేసినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలి. 7.5 లక్షలు మీ పేరుతో, 3.75 లక్షలు బావమరిది పేరుతో, 3.75 ఫ్రెండు పేరుతో మూడు వరసలు విడివిడిగా కనపడాలి. బావమరిది వాటా కూడా మీ ఖాతా నుంచే వేసి ‘తర్వాత సర్దుకుంటాం’ అంటే ఆ స్టేట్‌మెంట్ పనికిరాదు. ఈ ఫారం వేయకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు, అంటే మామగారి 4 లక్షలు కూడా దీని తర్వాతే. తప్పితే కంపెనీకి 50,000, డైరెక్టర్లకు రోజుకు 1,000 చొప్పున లక్ష దాకా.

మీది చిన్న కంపెనీ కిందికే వస్తుంది. అందుకని ఏడాదికి రెండు బోర్డు మీటింగులు చాలు, ఒక్కో అర్ధ సంవత్సరంలో ఒకటి, రెంటి మధ్య కనీసం 90 రోజులు. ఆడిట్ మాత్రం ఒక్క రూపాయి అమ్మకం లేకున్నా తప్పదు. వార్షిక సభ మొదటిసారి ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లో, ఆ తర్వాత ఏటా సెప్టెంబరు 30 లోపు. సభ జరిగిన 30 రోజుల్లో ఏఓసీ-4 (ఆర్థిక లెక్కలు), 60 రోజుల్లో ఎంజీటీ-7ఏ (వార్షిక రిటర్ను). ఆలస్య రుసుం ఒక్కో ఫారానికి రోజుకు 100, దానికి గరిష్ఠ పరిమితి లేదు. రెండు ఫారాలు ఏడాది మరిచిపోతే 73,000. మూడేళ్ళు వరసగా వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్ళపాటు అనర్హులు. 2017లో దేశం మొత్తం మీద మూడు లక్షల మందికి పైగా అలాగే అనర్హులయ్యారు.

కంపెనీ ఖాతా నుంచి ఇంటి ఖర్చుకు తీయవద్దు. జీతం తీర్మానం చేసుకుని తీసుకోండి. పెద్ద వాటాదారుకు అప్పుగా ఇచ్చిన సొమ్మును, కంపెనీలో పోగైన లాభం మేరకు, డివిడెండుగా లెక్కేసి పన్ను వేస్తారు.

తొందర లేకపోతే జనవరిలో రిజిస్టర్ చేయండి. జనవరి 1 తర్వాత పుట్టిన కంపెనీకి మొదటి ఆర్థిక సంవత్సరం మరుసటి ఏడాది మార్చి 31 దాకా పోవచ్చు, కంపెనీ చట్టం కింద ఒక ఆడిట్, ఒక విడత ఫారాలు తప్పుతాయి. ఆదాయపు పన్ను రిటర్ను మాత్రం మొదటి మార్చికి విడిగా వేయాల్సిందే.

కావలి చెరువుగట్టు:

జనవరిలోనే చేస్తాం. ఇంటి ముందు బోర్డు ఇంగ్లీషులో పెడితే సరిపోతుందా?

పొదలకూరు రోడ్డు:

సరిపోదు. సెక్షన్ 12 ప్రకారం ఆ ప్రాంతంలో వాడే భాష లిపిలో కూడా ఉండాలి, అంటే కావలిలో తెలుగులో. ‘ప్రైవేట్ లిమిటెడ్’తో సహా పూర్తి పేరు, కింద రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా. ఇంటికొకటి, ట్రంకు రోడ్డులోనో ఇంకెక్కడో రిపేరు షెడ్డు ఉంటే అక్కడొకటి. బిల్లు పుస్తకం, లెటర్‌హెడ్ అచ్చు వేయించే ముందు కంపెనీ గుర్తింపు సంఖ్య, ఫోను, ఈమెయిల్ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే రోజుకు 1,000, లక్ష దాకా. పాత షాపు పేరుతో మిగిలిపోయిన బిల్లు పుస్తకాల్లో కంపెనీ అమ్మకం ఒక్కటి కూడా రాయవద్దు.